పేరు తెలియని హత్య బాధితుల పాత ఎముకలు: మిగిలిన కొద్ది నమూనాను ముందు ఏ పరీక్షకు వాడాలి?

మృదుల_బయో (ప్రశ్న)

అందరికీ నమస్కారం. గుర్తుతెలియని మృతదేహాల పాత కేసులను మళ్లీ తెరిస్తే పరీక్షలు ఏ వరుసలో చేయాలో ఒకచోట రాసి ఉన్నది నాకు కనబడలేదు. మాట్లాడుకోవడానికి వీలుగా ఒక ఊహా కేసు పెడుతున్నాను.

1980ల మొదట్లో అడవిలో అస్థిపంజరం దొరికింది. పుర్రె మీద దెబ్బను బట్టి హత్యగా నమోదు చేశారు. ఇప్పుడు మిగిలినవి పుర్రె, పళ్లున్న కింది దవడ, ఒక తొడ ఎముక, ఒక కాలర్‌బోన్, కొన్ని పక్కటెముకలు. కటి ఎముకలు లేవు. కండ వదిలించడానికి అప్పట్లో ఎముకలను ఉడకబెట్టారు, తర్వాత అట్టపెట్టెలో పెట్టి మామూలు గదిలో ఉంచారు. పాత నివేదికలో ఉన్నది ఇది: స్త్రీ, 18 నుంచి 25 ఏళ్లు, ఎత్తు 160–165 సెంటీమీటర్లు, చనిపోయి సుమారు ఆరు నెలలు. ఆ తర్వాత ఎప్పుడో మైటోకాండ్రియల్ డీఎన్ఏ (తల్లి నుంచి మాత్రమే వచ్చేది) తీశారు. ఎస్‌టీఆర్ (డీఎన్ఏలో పదేపదే వచ్చే చిన్న వరుసల లెక్క) ప్రొఫైల్ మాత్రం 9 లోకస్‌ల (డీఎన్ఏలోని నిర్ణీత స్థానాల) దగ్గరే ఆగిపోయింది. డేటాబేస్‌లో ఎవరితోనూ కలవలేదు.

నా సందేహాలు: డీఎన్ఏకి ఏ ఎముక తీసుకోవాలి? ఎస్‌టీఆర్ మళ్లీ చేయాలా, నేరుగా ఎస్‌ఎన్‌పీ (డీఎన్ఏలో ఒక్కో అక్షరం తేడాలు) సీక్వెన్సింగ్‌కు వెళ్లాలా? పాత నివేదికలోని వయసు, కాలం అంచనాలను ఎంతవరకు నమ్మొచ్చు? డీఎన్ఏతో దూరపు బంధువులను పట్టి గీసే వంశవృక్షం ద్వారా ఒక పేరు తేలితే దాన్ని గుర్తింపుగా ప్రకటించవచ్చా?

అస్థిక

మృదుల గారూ, మీ మూడో ప్రశ్ననే మొదటికి తీసుకురండి. డ్రిల్లు చేతిలోకి తీసుకునే ముందు పాత నివేదికలోని ప్రతి అంకెనూ కొత్తగా కొలవాలి. డీఎన్ఏ రాకపోవడం కన్నా తప్పు అంచనా వల్ల అసలు మనిషిని జాబితాలోంచి తీసేయడం వల్లే ఎక్కువ కేసులు ఇరుక్కుంటాయని నా గట్టి అభిప్రాయం.

కోత పడ్డాక వెనక్కి రానివి ముందుగా చేసి పెట్టుకోండి. స్కేలు పెట్టి ఫొటోలు, పుర్రెకూ దవడకూ పూర్తి సీటీ స్కాన్, ప్రతి పంటికీ ఎక్స్‌రే, గాయం అంచుల క్లోజప్‌లు. దెబ్బ తగిలిన చోటు ఎప్పటికైనా కోర్టులో సాక్ష్యమే. అందుకే నమూనా కోసం దాని దరిదాపుల్లోకి కూడా పోకూడదు. సీటీలో నుదుటి సైనస్ ఆకారం దొరుకుతుంది. అది మనిషి మనిషికీ వేరు. రేపు ఒక పేరు వచ్చి, ఆ మనిషి తల ఎక్స్‌రే ఏదైనా ఆసుపత్రి ఫైల్లో ఉంటే పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు.

ఇక లింగం. కటి ఎముక లేకుండా పుర్రెను చూసి చెప్పినది బలహీనమైన అంచనా. సన్నటి పుర్రె ఉన్న కుర్రవాడిని స్త్రీగా రాసిన సందర్భాలున్నాయి. ఎస్‌టీఆర్ కిట్‌లలో లింగాన్ని చెప్పే అమెలోజెనిన్ అనే గుర్తు ఎలాగూ ఉంటుంది. పాత 9 లోకస్‌ల ఫలితంలో అది వచ్చిందా లేదా ముందు చూడండి. రాకపోయి ఉంటే "స్త్రీ" అన్నదాన్ని వెతుకులాటలో షరతుగా పెట్టకండి.

ఎత్తు విషయంలో లెక్క చేసి చూపిస్తాను. తొడ ఎముక పొడవు 44 సెంటీమీటర్లు అనుకుందాం. 1952 నాటి ట్రాటర్–గ్లీసర్ సూత్రాల్లో తెల్లజాతి స్త్రీలకు 2.47 × 44 + 54.10 అంటే 162.8 సెంటీమీటర్లు, ప్రామాణిక దోషం 3.72. అంటే పాత నివేదికలోని 160–165 ఒక్క ప్రామాణిక దోషాన్ని కూడా పూర్తిగా కలుపుకోలేదు. రెండు దోషాలు కలిపితే 155 నుంచి 170 దాకా పోతుంది. అదే ఎముక పురుషుడిదైతే 2.38 × 44 + 61.41, అంటే 166. జనాభా మారితే సూత్రం కూడా మారాలి. పైగా తప్పిపోయినవారి ఫిర్యాదులో రాసే ఎత్తు ఇంట్లోవాళ్లు గుర్తు తెచ్చుకుని చెప్పినదే. ఐదారు సెంటీమీటర్ల తేడా చూసి ఎవరినీ కొట్టేయకూడదు.

వయసుకు మీ దగ్గరున్న మంచి ఆధారం కాలర్‌బోన్. ఛాతీవైపు కొన ఒంట్లో అన్నిటికన్నా ఆలస్యంగా అతుక్కునే ఎముక భాగాల్లో ఒకటి. పద్దెనిమిది, ఇరవై ప్రాంతంలో మొదలై ముప్పై దాకా సాగవచ్చు. సగం అతుక్కుని ఉంటే 18–25 అనడం తొందరపాటే, 17–30 అని వెతకండి. పూర్తిగా అతికిపోయి, పక్కటెముకల ముందు కొనలు గుంటపడి అంచులు పలచబడి ఉంటే పాత అంచనా మొత్తంగా తప్పు. ఉడకబెట్టిన ఎముకల్లో ఈ కొనలు రాలిపోతాయి. కాబట్టి అంచు అరిగిందా, విరిగిందా అన్నది లెన్స్ కింద చూశాకే దశ నిర్ణయించాలి.

అన్నిటికన్నా ప్రమాదకరమైన అంకె ఆ "ఆరు నెలలు". శరీరం ఎముకలుగా మారే వేగం ఎండ, వాన, పురుగులు, జంతువులు, పాతిపెట్టిన లోతు మీద ఆధారపడుతుంది. వేడి ప్రదేశంలో కొన్ని వారాలు చాలు, మరోచోట ఏళ్లు పట్టవచ్చు. ఈ అంకెను నమ్మి ఆ ఏడాది ఫిర్యాదులే తిరగేసి ఉంటే, అంతకు ముందు ఐదేళ్లు, పదేళ్లు అసలు ఎవరూ చూడలేదన్నమాట. బట్టల లేబుల్, జిప్, బూటు అడుగు, నాణెం ఏదైనా ఉంటే తయారీ సంవత్సరం పట్టుకోండి. మరణం దానికి ముందు జరగలేదు అన్న హద్దు అక్కడ దొరుకుతుంది.

చివరగా, "ఈమె కాదు" అని కొట్టేసిన పేర్ల జాబితా తెప్పించండి. ప్రతి పేరు పక్కన ఎందుకు కొట్టేశారో రాయండి. వేలిముద్ర, పంటి ఎక్స్‌రే, డీఎన్ఏ ద్వారా కొట్టేసినవి అలాగే ఉంచండి. ఎత్తు, వయసు, "ఫొటోలో పోలిక లేదు" అన్న కారణాలతో పోయినవన్నీ తిరిగి జాబితాలోకి రావాలి.

దంతసాక్ష్యం

అస్థిక గారు చెప్పిన జాబితాకు ఒక మాట కలుపుతాను. పంటి చార్టుతో కొట్టేసినవాటిని కూడా ఒకసారి విప్పి చూడండి. అమెరికాలో పళ్లను 1 నుంచి 32 వరకు వరుసగా లెక్కపెడతారు. చాలా దేశాల్లో వాడే ఎఫ్‌డీఐ పద్ధతిలో 11 నుంచి 48 వరకు రెండంకెల గుర్తులుంటాయి. మొదటి పద్ధతిలో 18 అంటే కింది దవడలో ఎడమవైపు రెండో దవడపన్ను. రెండో పద్ధతిలో 18 అంటే పైదవడ కుడివైపు జ్ఞానదంతం. ఒక పద్ధతిలో రాసిన చార్టును ఇంకో పద్ధతిలో కంప్యూటర్‌కు ఎక్కిస్తే అసలు మనిషే "సరిపోలలేదు" అని బయటపడిపోతుంది. ఎడమ కుడి తారుమారు కావడం, చనిపోయాక రాలిన పన్నును "బతికుండగా తీయించుకున్నది" అని రాయడం కూడా తరచూ కనబడే తప్పులు. పన్ను తీయించుకుంటే గుంట ఎముకతో పూడి ఉంటుంది. చనిపోయాక ఊడితే గుంట అంచులు వాడిగా, ఖాళీగా ఉంటాయి. ఎక్స్‌రే చూస్తే ఇందులో సందేహం ఉండదు. అందుకే చార్టును చార్టుతో పోల్చడం మీద ఆగిపోవద్దు, ఫిల్మును ఫిల్ముతోనే పోల్చాలి.

ఇంకోటి, నమూనాకు పన్ను తీసుకోవాలనుకుంటే ఒకే పన్నుతో మూడు పనులు అవుతాయి. పుచ్చు, ఫిల్లింగ్ లేని దవడపన్ను ఎంచుకుని, ఎక్స్‌రే తీసి, సీటీ చేసి, ఎనామెల్ ముగిసే గీత దగ్గర అడ్డంగా కోయండి. వేరు భాగం డీఎన్ఏకి పోతుంది. పైభాగంలోని ఎనామెల్ ఐసోటోపులకూ (ఒకే మూలకపు వేర్వేరు బరువుల రూపాలు), కార్బన్–14కూ మిగులుతుంది. మొత్తం పన్నును పొడిచేసి డీఎన్ఏ గొట్టంలో వేస్తే ఆ రెండు అవకాశాలూ పోయినట్టే.

కార్బన్–14 ఎందుకంటే, 1950లు, 60ల్లో ఆకాశంలో జరిపిన అణుపరీక్షల వల్ల గాలిలో దాని స్థాయి 1963 నాటికి దాదాపు రెట్టింపై, తర్వాత తగ్గుతూ వచ్చింది. ఎనామెల్ ఒకసారి ఏర్పడ్డాక మారదు. కాబట్టి ఆ పన్ను ఏ సంవత్సరంలో తయారైందో తెలుస్తుంది, అందులోంచి ఆ పన్ను ఏర్పడే వయసును తీసేస్తే పుట్టిన ఏడాది ఒకటి రెండేళ్ల తేడాతో వస్తుంది. చిక్కు ఎక్కడంటే, ఒకే స్థాయి పెరిగేటప్పుడూ ఉంటుంది, తగ్గేటప్పుడూ ఉంటుంది. ఒక్క పన్నుతో రెండు సంవత్సరాలు వస్తాయి. వేర్వేరు వయసుల్లో ఏర్పడే రెండు పళ్లు, ఉదాహరణకు మొదటి దవడపన్నూ జ్ఞానదంతమూ తీసుకుంటే ఏది సరైనదో తేలిపోతుంది. మీ కేసులో 18–25 అన్నది నిజమో కాదో దీనితో నేరుగా పరీక్షించవచ్చు.

ఆక్సిజన్, స్ట్రాన్షియం ఐసోటోపులు పుట్టి పెరిగిన ప్రాంతాన్ని సూచిస్తాయి. తాగిన నీటి వల్ల ఆక్సిజన్, ఆ నేల రాళ్ల వల్ల స్ట్రాన్షియం మారతాయి. మొదటి దవడపన్ను పుట్టినప్పటి నుంచి మూడేళ్ల లోపు కథ చెబుతుంది, జ్ఞానదంతం బడి వయసు కథ. రెండూ తేడాగా ఉంటే పిల్లప్పుడే ఊరు మారారని అర్థం. జుట్టు దొరికితే నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున చివరి నెలల ప్రయాణం కూడా తెలుస్తుంది. అయితే ఇవి "ఇక్కడివారు" అని వేలు పెట్టి చూపవు. "ఇక్కడివారు కారు" అని చెప్పడంలోనే వాటి బలం. పాతిపెట్టిన ఎముకలోకి నేల స్ట్రాన్షియం చేరుతుంది, అందుకే దీనికి ఎముక వద్దు, ఎనామెల్ మాత్రమే.

జీనోమ్‌గది

డీఎన్ఏ భాగం నేను రాస్తాను.

ఏ ఎముక అంటే, పుర్రె ఉంది కాబట్టి చెవి లోపలి భాగాన్ని కప్పి ఉండే పెట్రస్ ఎముక. ఒంట్లోకెల్లా గట్టిదైన ఎముక ఇదే. లోపలి చెవిని చుట్టిన పొర నుంచి తీసిన కొద్దిపాటి పొడిలో కూడా మిగతా ఎముకల కన్నా చాలా ఎక్కువ డీఎన్ఏ దొరుకుతుంది. పుర్రె అడుగు నుంచి డ్రిల్లు పెట్టి తీస్తే ముఖభాగం, గాయం ఉన్న చోటు చెక్కుచెదరవు. రెండు వైపులా ఉంటుంది కాబట్టి ఒకటే వాడండి, రెండోది ముట్టుకోకండి. రెండో ఎంపిక పంటి వేరు, మూడోది తొడ ఎముక నడిమి భాగపు గట్టి పొర. చేతి, పాదాల చిన్న ఎముకలు దొరికిన కేసుల్లో అవీ బాగానే ఇస్తాయి, కోయడం కూడా తేలిక. మీ కేసులో అవి లేవు.

ఉడకబెట్టడం గురించి: నీరు, వేడి కలిస్తే డీఎన్ఏ గొలుసు ముక్కలవుతుంది. బ్లీచ్‌లో కూడా నానబెట్టి ఉంటే ఇంకా కష్టం. అయినా పెట్రస్ లోపలికి వేడి, రసాయనం చేరడం తక్కువ, అందుకే ఆశ వదులుకోనక్కర్లేదు. నిజంగా భయపడవలసింది ఫార్మలిన్‌కు. అది డీఎన్ఏను ప్రొటీన్లతో అతికించేస్తుంది, ముక్కలూ చేస్తుంది. నిల్వ ద్రవం ఏమిటన్నది ఫైల్లో వెతికి మరీ తెలుసుకోండి.

పని వరుస ఇలా ఉంటుంది. పై పొరను ఇసుక కాగితపు బిట్‌తో సుమారు ఒక మిల్లీమీటరు గీకేయాలి. పలుచని బ్లీచ్‌లో కొద్ది నిమిషాలు, తర్వాత డీఎన్ఏ లేని నీటితో రెండు మూడుసార్లు, ఆపై ఇథనాల్‌తో కడిగి ఆరబెట్టి, రెండు వైపులా యూవీ కింద పెట్టాలి. డ్రిల్లు వేగం తక్కువలో ఉండాలి. బిట్ వేడెక్కి కాలిన వాసన వచ్చిందంటే మీరు వెతుకుతున్నదే కాలిపోతోంది. పొడి చేయడానికి ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచే మిల్లు మేలు.

మామూలు పద్ధతుల్లో ఎముక ఖనిజం సగం కరగకుండా అడుగున మిగిలిపోతుంది, దానిలోని డీఎన్ఏ చెత్తబుట్టలోకి పోతుంది. అందుకే పూర్తిగా కరిగించే పద్ధతి వాడాలి: 0.5 మోలార్ ఈడీటీఏ, పీహెచ్ 8, ఒక శాతం లారాయిల్ సార్కోసిన్, ప్రొటీనేజ్–కె. గ్రాము పొడికి పది పదిహేను మిల్లీలీటర్లు పోసి, 56 డిగ్రీల సెల్సియస్ దగ్గర రాత్రంతా తిప్పుతూ ఉంచాలి. పెట్రస్ అయితే 50 నుంచి 200 మిల్లీగ్రాములు చాలు, తొడ ఎముకకు అర గ్రాము నుంచి గ్రాము పెట్టుకోండి. తర్వాత సిలికా మీద పట్టేటప్పుడు, చిన్న ముక్కలను కూడా పట్టే బంధన ద్రావణం వాడుతున్నారో లేదో చూసుకోండి. పాత కిట్‌లు కొన్ని వంద బేస్ జతల (డీఎన్ఏ అక్షరాల జతల) లోపువాటిని కడిగేస్తాయి, మనకు కావలసినవి అవే. ప్రతి బ్యాచ్‌లోనూ ఎముక లేని ఖాళీ గొట్టం ఒకటి మొదటి నుంచి చివరిదాకా నడవాలి. గత నలభై ఏళ్లలో ఈ పుర్రెను చేతులతో పట్టుకున్నవారు ఎందరో ఉంటారు.

తర్వాత కొలత. క్యూపీసీఆర్‌లో (డీఎన్ఏ ఎంత ఉందో కొలిచే పరీక్షలో) ఒకటి చిన్న, ఒకటి పెద్ద లక్ష్యం కొలిచే కిట్ కావాలి. ఉదాహరణకు క్వాంటిఫైలర్ ట్రయోలో 80, 214 బేస్ జతలు. చిన్నదాని విలువను పెద్దదానితో భాగిస్తే క్షీణత సూచిక. ఒకటి దగ్గరుంటే డీఎన్ఏ బాగుంది, పది దాటితే బాగా తెగిపోయింది. లోపలి నియంత్రణ (పరీక్ష సరిగా నడుస్తోందో చూడటానికి కిట్‌లోనే కలిపి ఉండే డీఎన్ఏ) ఆలస్యంగా వస్తే పరీక్షను అడ్డుకునే నిరోధకాలు ఉన్నట్టు: మట్టిలోని హ్యూమిక్ ఆమ్లం, ఎముకలోని కొల్లాజెన్, కాల్షియం, లేదా మీరే పోసి కడగకుండా వదిలిన ఈడీటీఏ. అప్పుడు డీఎన్ఏ లేదని రాసేయకండి, పలచన చేసి, మళ్లీ కడిగి చూడండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఎస్‌టీఆర్ ముక్కలు సుమారు వంద నుంచి నాలుగు వందల యాభై బేస్ జతల దాకా ఉంటాయి. డీఎన్ఏ తెగిపోయినప్పుడు పెద్దవి ముందు మాయమవుతాయి. మీకు 9 మాత్రమే రావడానికి కారణం బహుశా అదే. ఎస్‌ఎన్‌పీ ఒకే ఒక్క అక్షరం కాబట్టి 50–60 బేస్ జతల ముక్కలోనూ చదవవచ్చు. ఎస్‌టీఆర్ విఫలమైన ఎముక నుంచి ఎస్‌ఎన్‌పీ రావడానికి కారణం ఇంతే.

అయినా ఎస్‌టీఆర్ వదిలేయమని నేను చెప్పను. అమెరికా జాతీయ డీఎన్ఏ డేటాబేస్ కోడిస్‌లో ప్రధాన లోకస్‌లు 2017 జనవరి 1 నుంచి 13 కాస్తా 20 అయ్యాయి. పాత ప్రొఫైల్ అప్పటిదైతే కొత్త వెతుకులాటకు సరిపోకపోవచ్చు. పైగా తక్కువ డీఎన్ఏతో చేసినప్పుడు రెండు అల్లీల్స్‌లో (ఒక లోకస్ దగ్గర తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే రూపాల్లో) ఒకటి పడిపోయి, ఒకటే ఉన్నట్టు కనబడుతుంది. ఆ తప్పుతో వెతికితే సొంత తల్లి నమూనా డేటాబేస్‌లో ఉన్నా కలవదు. అమెరికా న్యాయశాఖ 2019 నవంబర్ 1 నుంచి అమలు చేసిన తాత్కాలిక విధానం కూడా ముందు కోడిస్‌లో వెతికి, దొరకకపోతేనే వంశవృక్ష పద్ధతికి పొమ్మంటుంది. ఒకే సారి తీసిన ద్రవంలోంచి కొంత ఎస్‌టీఆర్‌కు, మిగతాది సీక్వెన్సింగ్‌కు పంచండి. రెండుసార్లు ఎముక కోయడం మాత్రం వద్దు.

సీక్వెన్సింగ్‌లో ఎక్కువమంది తడబడేది మానవ డీఎన్ఏ శాతం దగ్గర. మట్టిలో పడి ఉన్న ఎముకలో తొంభై శాతం పైగా బ్యాక్టీరియాదే ఉండవచ్చు. మొత్తం డీఎన్ఏను ఫ్లోరోమీటరుతో కొలిచి "చాలా ఉంది" అనుకుంటే మోసపోతాం. ముందు తక్కువ లోతులో ఒక పరీక్ష రన్ చేయండి. మానవ శాతం రెండే వస్తే, వంద రీడ్లకు (యంత్రం చదివే డీఎన్ఏ ముక్కలకు) డబ్బు కట్టి రెండు చదువుతున్నట్టు. అప్పుడు కావలసిన స్థానాలనే పట్టి తెచ్చే క్యాప్చర్ పద్ధతి, లేదా కిన్‌టెలిజెన్స్ లాంటి 10,230 ఎస్‌ఎన్‌పీల కిట్ ఆలోచించండి. దానికి ఒక నానోగ్రాము మానవ డీఎన్ఏ సిఫారసు. మామూలు మైక్రోఅరే చిప్‌కు దాదాపు 200 నానోగ్రాముల మంచి డీఎన్ఏ కావాలి కాబట్టి ఎముకలకు అది పనికిరాదు.

పాత డీఎన్ఏ ముక్కల కొనల్లో సైటోసిన్ పాడై థైమిన్‌గా చదవబడుతుంది. యూడీజీ ఎంజైమ్‌తో సరిచేయండి, లేదా విశ్లేషణలో కొనలు కత్తిరించండి. లేకపోతే తప్పు జీనోటైపులు వంశవృక్షం దాకా పోయి, దగ్గరి బంధువు దూరపువాడిగా కనబడతాడు.

మృదుల_బయో

చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. రెండు చిన్న సందేహాలు. వేరు లేని జుట్టు ఉంటే పనికొస్తుందా? ముఖ పునర్నిర్మాణానికి డబ్బు పెట్టడం వృథానా?

జీనోమ్‌గది

జుట్టు పనికొస్తుంది. వేరు లేని వెంట్రుకలో మైటోకాండ్రియల్ డీఎన్ఏ మాత్రమే దొరుకుతుందని చాలాకాలం అనుకున్నారు. కేంద్రక డీఎన్ఏ కూడా ఉంటుంది, కాకపోతే చాలా చిన్న ముక్కలుగా. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాంటాక్రూజ్‌లో ఎడ్ గ్రీన్ బృందం అలాంటి ముక్కలను చదివే పద్ధతి తయారుచేసింది. న్యూహాంప్‌షైర్‌లోని బేర్ బ్రూక్‌లో 1985లో, 2000లో పీపాల్లో దొరికిన నలుగురిలో ముగ్గురి పేర్లు 2019 జూన్‌లో బయటికి రావడంలో ఆ జుట్టు పని ఉంది. కాబట్టి పాత సాక్ష్యాల సంచిలో దువ్వెన, టోపీ, టేపు ఉంటే పారేయకుండా చూడండి.

దంతసాక్ష్యం

ముఖ పునర్నిర్మాణం వృథా కాదు, గుర్తింపు మాత్రం కాదు. పుర్రె మీద కండ మందం అంచనా ఉంటుంది కానీ ముక్కు కొన, పెదవులు, చెవులు, జుట్టు చాలావరకు ఊహే. బొమ్మను చూసి "పోలిక లేదు" అని ఎవరినైనా కొట్టేశారంటే అది పెద్ద తప్పు. ఇంటర్‌పోల్ ప్రాథమిక గుర్తింపులుగా ఒప్పుకునేవి వేలిముద్రలు, దంతాలు, డీఎన్ఏ మాత్రమే.

అయితే ప్రజల కంటికి చేరవేయడం తక్కువ పని కాదు. 1992లో బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో దొరికిన మహిళను 31 ఏళ్లపాటు ఎవరూ గుర్తించలేదు. 2023 మేలో ఇంటర్‌పోల్ మూడు దేశాలతో కలిసి 22 మంది మహిళల వివరాలు బయటపెట్టింది. ఆమె చేతి మీది పువ్వు పచ్చబొట్టును బ్రిటన్‌లో ఉన్న కుటుంబసభ్యులు చూసి పట్టుకున్నారు. పోల్చడానికి ఒక పేరంటూ దొరికింది ఆ పచ్చబొట్టు వల్లే. మీ కేసులో చర్మం లేదు కానీ నగ, బట్ట, పంటి పని లాంటివి ఉంటే బొమ్మ కన్నా వాటి ఫొటోలను ముందు పెట్టండి. ఎముకలో లోహపు ప్లేటు, కృత్రిమ కీలు ఉంటే కంపెనీ గుర్తు, సీరియల్ నంబరు చూడండి. స్క్రూలు, చిన్న ప్లేట్ల మీద చాలాసార్లు లాట్ నంబరే ఉంటుంది, అది వందల మందికి ఒకటే.

వంశవృక్షం

ప్రొఫైల్ వచ్చాక జరిగేదాని గురించి. అన్ని వంశవృక్ష సంస్థలూ దీనికి ఒప్పుకోవు. యాన్సెస్ట్రీ, 23అండ్‌మీ పోలీసు కేసుల ఫైళ్లను ఎక్కించనివ్వవు. వాడేవి ముఖ్యంగా జెడ్‌మ్యాచ్, ఫ్యామిలీట్రీడీఎన్ఏ. 2019 మేలో జెడ్‌మ్యాచ్ నేరస్థుల వెతుకులాటకు సభ్యుల స్పష్టమైన అనుమతి తప్పనిసరి చేసింది. పేరు తెలియని మృతుల విషయంలో మాత్రం 2021 నుంచి అనుమతి ఇవ్వనివారి ఫైళ్లతోనూ పోల్చనిస్తోంది. అప్‌లోడ్ చేసేటప్పుడు ఏ రకం కేసో సరిగా గుర్తించకపోతే సగం మ్యాచ్‌లు కనబడకుండా పోతాయి.

బంధుత్వాన్ని సెంటిమోర్గాన్లలో (ఇద్దరు పంచుకున్న డీఎన్ఏ ఎంతో చెప్పే కొలతలో) కొలుస్తాం. పెదనాన్న పిల్లలైనా, మేనమామ పిల్లలైనా సగటున 866. ముత్తాత దంపతులు ఒకరే అయినవారి మధ్య సగటు 229, ఇంకో తరం వెనక్కి పోతే 73. ఈ చివరి రకంలో పదిమందిలో ఒకరికి పంచుకున్న ముక్కే కనబడదు. సగటు అని గుర్తుంచుకోండి. 229 సగటు ఉన్న బంధుత్వంలో నలభై కొన్ని నుంచి ఐదువందల తొంభై దాకా చూశారు. 90 సెంటిమోర్గాన్ల మ్యాచ్ చూసి "ఇది ఫలానా వరుస" అని గీసేస్తే చెట్టు మొత్తం తప్పు కొమ్మ మీద పెరుగుతుంది.

మ్యాచ్‌లను ముందు గుంపులుగా విడదీస్తాం, ఒకరితో ఒకరు కూడా కలిసేవారు ఒక గుంపు. ప్రతి గుంపుకూ వెనక్కి వెళ్లి ఉమ్మడి పూర్వీకుల జంటను పట్టుకుంటాం. ఆ జంట నుంచి కిందికి అందరు వారసులనూ రాస్తాం. ఓపిక కావలసింది ఇక్కడే, ఒక్క జంటకు ఐదారు తరాల్లో వందల మంది ఉంటారు. తర్వాత ఒక గుంపు వారసుడికీ, ఇంకో గుంపు వారసురాలికీ పెళ్లో, పిల్లలో ఎక్కడ కలిశారో వెతకాలి. ఆ జంట పిల్లల్లో శవం దొరికిన తేదీ తర్వాత బతికున్న ఆనవాళ్లు ఉన్నవారిని తీసేస్తే, ఏ జాడా లేని ఒకరు మిగులుతారు. "జాడ" అన్నదాన్ని గట్టిగా పరీక్షించండి. ఆమె పత్రాలను మరొకరు వాడుకుని ఉండవచ్చు, ఇంట్లోవాళ్లు "ఎక్కడో కొత్త జీవితం మొదలుపెట్టింది" అనుకుని ఫిర్యాదే ఇవ్వకపోయి ఉండవచ్చు. హత్య కేసుల్లో ఇది చాలా మామూలు. డేటాబేస్‌లో ఏమీ తగలకపోవడానికి కూడా ఇదే కారణం కావచ్చు, వెతికేవారెవరూ నమూనా ఇవ్వలేదు.

ఎక్కడ చెడుతుందంటే: దత్తత, తండ్రి వేరే కావడం, రికార్డులు కాలిపోవడం. ఒకే చిన్న సమూహంలో తరతరాలుగా పెళ్లిళ్లు జరిగితే అందరూ అందరికీ నాలుగైదు దారుల్లో బంధువులవుతారు, సెంటిమోర్గాన్లు పొంగిపోయి కనబడతాయి. అప్పుడు మొత్తం కన్నా అతి పొడవైన ఒక్క ముక్క ఎంత ఉందో చూడండి. మొత్తం 120 ఉండి ఏ ముక్కా 12 దాటకపోతే అది దగ్గరి చుట్టరికం కాదు.

ఎంతకాలం పడుతుందన్నది దొరికిన మ్యాచ్ మీద, డీఎన్ఏ నాణ్యత మీద ఆధారపడుతుంది. ఒహాయోలో 1981లో దొరికిన "బక్‌స్కిన్ గర్ల్" కేసులో దాచిన రక్తం ఉంది, దగ్గరి చుట్టం మ్యాచ్ దొరికింది. డీఎన్ఏ డో ప్రాజెక్ట్ వాలంటీర్లకు ఫైల్ ఎక్కించాక గంటలే పట్టింది. పేరు 2018 ఏప్రిల్‌లో ప్రకటించారు. ఫిలడెల్ఫియాలో 1957లో అట్టపెట్టెలో దొరికిన బాలుడి విషయంలో 2019లో మళ్లీ సమాధి తవ్వి ఎముక తీశారు, డీఎన్ఏ బాగా పాడైపోయింది, పేరు 2022 డిసెంబర్‌లో గానీ రాలేదు. అక్కడ వంశవృక్షం మొదట తల్లివైపు తేల్చింది, బాలుడి పేరు జనన రికార్డుల్లో దొరికింది. చెట్టు ఎంత బాగా గీసినా చివరి మెట్టు కాగితాల కార్యాలయంలోనే ఉండవచ్చు.

మీ నాలుగో ప్రశ్నకు నా జవాబు: కాదు. చెట్టులో తేలిన పేరు దర్యాప్తుకు దారి మాత్రమే.

అస్థిక

చివరి మాట నేను కొంచెం సాగదీస్తాను. నిర్ధారణ ఎవరి నమూనాతో చేస్తున్నారన్నది ముఖ్యం.

తల్లిగానీ, తండ్రిగానీ, బిడ్డగానీ ఉంటే 20 లోకస్‌ల ఎస్‌టీఆర్‌తో సాధారణంగా స్పష్టంగా తేలుతుంది. ఒక్క తోబుట్టువే ఉంటే జాగ్రత్త. సొంత అక్కాచెల్లెళ్లయినా ఒక లోకస్ దగ్గర తల్లిదండ్రుల నుంచి ఉమ్మడిగా ఒక్క అల్లీల్ కూడా అందుకోని అవకాశం నాలుగింట ఒకటి. కొన్ని లోకస్‌లలో అలా జరిగితే లెక్క అటూ ఇటూ కాకుండా ఆగిపోతుంది. అప్పుడు ఇంకో తోబుట్టువు నమూనా కలపండి, లేదా రెండు వైపులా ఎస్‌ఎన్‌పీ చేసి సెంటిమోర్గాన్లు చూడండి. సొంత తోబుట్టువుల సగటు 2613, సగం తోబుట్టువులది (తల్లో తండ్రో ఒక్కరే ఉమ్మడి అయినవారిది) 1759. అక్కడ సందేహానికి చోటు తక్కువ.

మీ దగ్గర ఇప్పటికే ఉన్న మైటోకాండ్రియల్ వరుసను మర్చిపోకండి. తల్లివైపు బంధువుతో రెండు లేదా ఎక్కువ తేడాలుంటే ఆ మనిషి కాదు. ఒక్క తేడా ఉంటే తేల్చలేం. అన్నీ కలిస్తే "కాదనలేం" అన్నంతవరకే, ఒకే రకం ఎందరికో ఉండవచ్చు. కొట్టేయడానికి దీనంత చవకైన సాధనం లేదు, అందుకే వంశవృక్షంలో పేరు రాగానే మొదట దీన్ని పోల్చండి.

బంధువులెవరూ లేకపోతే ఆమె బతికున్నప్పటి నమూనా వెతకాలి. ఆసుపత్రి పాథాలజీలో మైనపు దిమ్మగా దాచిన కణజాలం, పుట్టినప్పుడు మడమ నుంచి తీసిన రక్తపు చుక్కల కార్డు, దంతవైద్యుడి ఎక్స్‌రే ఫిల్ములు. మైనపు దిమ్మ ఫార్మలిన్‌లో తడిసినదే కాబట్టి అక్కడా ముక్కలైన డీఎన్ఏ వస్తుందని ముందే లెక్కలో పెట్టుకోండి.

వంశవృక్షం

దీనికి ఒక జత. నిర్ధారణ నమూనా కోసం బంధువును కలిసినప్పుడు ఎందుకు అడుగుతున్నారో పూర్తిగా చెప్పి, రాతపూర్వక అనుమతి తీసుకోండి. "ఆరోగ్య సర్వే" లాంటి సాకులు పెట్టకండి. వాళ్లు నలభై ఏళ్లుగా ఎదురుచూస్తున్న చెల్లెలి గురించి కావచ్చు అది. ఫలితం నిర్ధారణ కాకముందు పేరు బయటికి పొక్కకూడదు. హత్య కేసు కాబట్టి ఆ కుటుంబంలోనే నిందితుడు ఉండే అవకాశం కూడా దర్యాప్తు అధికారి చూసుకోవాలి. అందుకే మొదట ఎవరిని అడగాలన్నది వంశవృక్షం గీసేవారు కాకుండా అధికారే నిర్ణయించాలి.

జీనోమ్‌గది

గుర్తింపు పూర్తయ్యాక కూడా రెండో పెట్రస్, కోయని పళ్లు, మిగిలిన ద్రవం కుటుంబానికి అవశేషాలు అప్పగించే ముందు ఏం చేయాలో రాతలో తేల్చుకోండి. పేరు తెలిశాక హంతకుడి మీద కేసు నడిస్తే ప్రతివాది తరఫువారు మళ్లీ పరీక్ష అడగవచ్చు. ద్రవాన్ని మైనస్ 80 డిగ్రీల దగ్గర, చిన్న చిన్న భాగాలుగా పంచి ఉంచండి. ఒకే గొట్టాన్ని పదేపదే కరిగించి గడ్డకట్టిస్తే మిగిలినదీ తెగిపోతుంది. ప్రతి గొట్టం మీద తీసిన ఎముక, తేదీ, పరిమాణం, ఖాళీ గొట్టం నంబరు ఉండాలి. ఎముక తరహా నమూనాలను మాత్రం తడి తగలని కాగితపు సంచిలో పెట్టండి, ప్లాస్టిక్‌లో మూస్తే బూజు పడుతుంది.